కోనన్‌ని గీయాల్సినవాళ్ళు, గీసినవాళ్ళు

ఎమ్మెస్ చదివే రోజుల్లో మా అపార్ట్‌మెంటుకీ బస్‌స్టాపుకీ మధ్య ఒక పాత కామిక్స్ కొట్టు ఉండేది. జనవరి చలిలో బస్సు కోసం బయట నిలబడలేక లోపల దూరేవాణ్ణి. ఏమీ కొనకుండా ఎంతసేపని నిలబడతాం? అందుకని గుమ్మం పక్కనే ఉన్న డాలరు డబ్బాలో చెయ్యి పెట్టి ఏదో ఒకటి తీసేవాణ్ణి. అలా ఒకరోజు చేతికొచ్చింది 'ద సావేజ్ స్వోర్డ్ ఆఫ్ కోనన్' అనే నలుపు-తెలుపు పత్రిక. అట్ట చిరిగింది, కాగితం పసుపెక్కింది. తెరిస్తే పాడుబడ్డ కోటలు, కత్తి దూసిన కండల వీరుడు, పొగలోంచి లేచే మాంత్రికులు. రంగులు లేవుగానీ గోడలో ఒక్కొక్క రాయికీ విడివిడిగా నీడ వేసి ఉంది. ఆ రాత్రి మా రూమ్మేటు దాన్ని తిరగేసి, "ఒరేయ్, ఇది మన చందమామ సీరియలే కదరా! హీరోకి చొక్కా ఒక్కటే లేదు" అన్నాడు.

వాడన్న మాటలో నిజం లేకపోలేదు. మా తాతయ్య బైండు చేయించిన పాత చందమామలు మా ఇంట్లో రెండు ట్రంకుపెట్టెల నిండా ఉండేవి. వేసవి సెలవుల్లో పిల్లలందరికీ వాటిమీదే కొట్లాట. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు, వాటికి 'చిత్ర' గారి బొమ్మలు. ఖడ్గవర్మ చేతిలో కత్తి, జీవదత్తుడి చేతిలో మంత్రదండం, ఎదురుగా ఏ రాక్షసుడో. మీలో చాలామందికి ఆ బొమ్మలు ఇప్పటికీ కళ్ళ ముందు ఉండే ఉంటాయి. సీరియల్‌కి రచయిత పేరు మాత్రం వేసేవారు కాదు. తోకచుక్క, పాతాళదుర్గం, రాకాసిలోయ, ఇవన్నీ రాసింది ఒకే మనిషని నాకు తెలిసింది అమెరికా వచ్చాకే.

ఇలాంటి కథల్ని ఇంగ్లీషులో స్వోర్డ్ అండ్ సోర్సరీ అంటారు. కత్తీ, మంత్రమూ అన్నమాట. ఆ పేరు పెట్టింది ఫ్రిట్జ్ లీబర్ అనే రచయిత, 1961లో. కథలు మాత్రం అంతకు ముప్పై ఏళ్ళ ముందే మొదలయ్యాయి. టెక్సస్‌లోని క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్ళో ఉండే రాబర్ట్ ఇ. హొవర్డ్ 1929లో కల్ అనే రాజు కథ అచ్చువేయించాడు. 1932 డిసెంబరు 'వియర్డ్ టేల్స్' పత్రికలో కోనన్‌ని ప్రవేశపెట్టాడు. 1936లో, ముప్పై ఏళ్ళకే, తన ప్రాణం తానే తీసుకున్నాడు. మన జానపదాల్లో రాకుమారుడు పోగొట్టుకున్న రాజ్యం తిరిగి సంపాదించి రాజకుమారిని పెళ్ళాడతాడు. విఠలాచార్య గారి సినిమాల్లో అయితే మధ్యలో నాలుగు దెయ్యాలు, రెండు పాటలు. కోనన్‌కి పోగొట్టుకోవడానికి రాజ్యమే లేదు. దొంగ, కిరాయి సైనికుడు, ఓడ దొంగ, ఆఖరికి తన చేత్తో తానే సంపాదించుకున్న సింహాసనం మీద రాజు. మంత్రం అంటే అతనికి పడదు. మంత్రం ఎప్పుడూ అవతలి పక్షం వాళ్ళదే.

సరే, అసలు విషయానికి వస్తాను. ఆ పత్రికలో కథ మొదలయ్యేచోట రాయ్ థామస్, జాన్ బుసెమా, ఆల్ఫ్రెడో అల్కలా అని మూడు పేర్లున్నాయి. ఆ ముగ్గురూ ఎవరు, కోనన్‌ని వీళ్ళే ఎందుకు గీశారు అని వెతకడం మొదలుపెడితే, నాకు గీసినవాళ్ళకన్నా గీయనివాళ్ళ కథలే ఎక్కువ దొరికాయి. దొరికిన కథల్లో ఒక్కదాంట్లో కూడా ఈ వీరుడికి ఎవరి చెయ్యి సరిపోతుంది అన్నది నిర్ణయం కాలేదు. లైసెన్సు ఫీజు, పేజీ రేటు, వీసా, ఇవే నిర్ణయించాయి. మన కాంట్రాక్టు ప్రాజెక్టుల్లో ఎవర్ని ఏ పనిలో వేస్తారో చూసినవాళ్ళకి ఇదేమీ వింతగా అనిపించదు.

1960ల చివర్లో మార్వెల్ కంపెనీకి వచ్చే ఉత్తరాల్లో పాఠకులు హొవర్డ్ కథల్ని కామిక్స్‌గా వేయమని అడుగుతుండేవారు. 1966 నుంచి లాన్సర్ అనే ప్రచురణ సంస్థ కోనన్ కథల్ని చవక పుస్తకాలుగా వేసింది, అవి బాగా అమ్ముడుపోతున్నాయి. మార్వెల్ ఎడిటర్లలో ఒకడైన రాయ్ థామస్ ఒక మెమో రాసి ప్రచురణకర్త మార్టిన్ గుడ్‌మన్‌ని ఒప్పించాడు. గుడ్‌మన్ సరేనన్నాడుగానీ హక్కుల కోసం సంచికకి 150 డాలర్లు మించి ఇవ్వనన్నాడు. ఆ డబ్బుకి కోనన్ రాడనుకుని థామస్ ముందు అడిగింది లిన్ కార్టర్ రాసిన థాంగోర్ అనే వీరుణ్ణి. థాంగోర్ అంటే కోనన్‌కి తమ్ముడి వరస, అదే కొలతలతో కుట్టిన చొక్కా. కార్టర్ ఏజెంటు మాత్రం ఇంకా ఎక్కువ వస్తుందేమోనని నాన్చాడు. విసుగెత్తిన థామస్ హొవర్డ్ హక్కులు చూసే గ్లెన్ లార్డ్‌కి రాశాడు. అంత గొప్ప వీరుడికి 150 అనడానికి మొహమాటపడి, పైవాళ్ళని అడక్కుండానే 200 అనేశాడు. లార్డ్ ఒప్పుకున్నాడు. ఏజెంటు నాన్చకపోతే మార్వెల్ మొదలుపెట్టేది థాంగోర్‌తోనే. అతను 1973లో గానీ కామిక్స్‌లోకి రాలేదు, వచ్చినా ఎక్కువకాలం నిలవలేదు.

ఆ పై యాభై డాలర్లే బొమ్మలు ఎవరు గీయాలో తేల్చేశాయి. థామస్ మనసులో ఉన్నది జాన్ బుసెమా. 1927లో బ్రూక్లిన్‌లో పుట్టిన బుసెమా అప్పటికే మార్వెల్‌లో పెద్ద చెయ్యి. మనిషి శరీరం ఎటు తిరిగినా, ఎలా వంగినా తడుముకోకుండా గీయగలడు. సూపర్‌హీరోలంటే ఆయనకి చిరాకు. ఆకాశంలో ఎగిరే బిగుతు బట్టలవాళ్ళకన్నా గుర్రాలు, కోటలు, చెమటోడ్చే మనుషులు ఆయనకి ఇష్టం. ఇంతకన్నా జాతకం ఏం కలవాలి? కానీ పెద్ద చెయ్యికి పేజీ రేటు కూడా పెద్దదే. హక్కులకి యాభై ఎక్కువ ఒప్పుకున్నాం కాబట్టి ఆ యాభై బొమ్మల్లో మిగల్చాలన్నది లెక్క. బుసెమా పేరు కొట్టేశారు. గిల్ కేన్‌దీ అదే గతి. లాట్వియాలోని రీగాలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చిన కేన్ హొవర్డ్ కథలకి పాత అభిమాని, కోనన్‌ని గీయాలని ఎంతో ఆశపడ్డవాడు. ఆయన రేటు కూడా అందలేదు. థామస్ ఆ సంచిక తానే రాశాడు. గుడ్‌మన్ అడిగితే తన పేజీ డబ్బుల్లో కొంత వదులుకుందామని ఆయన ఆలోచన. యాభై డాలర్ల కోసం ఇంత తలనొప్పి పడింది, తర్వాత దాదాపు పాతికేళ్ళు కంపెనీకి సంపాదించిపెట్టిన వీరుడి గురించి అని గుర్తుపెట్టుకోండి.

చివరికి పని దక్కింది బారీ స్మిత్‌కి. ఇప్పుడు బారీ విండ్సర్-స్మిత్ అంటున్నారు. 1949లో లండన్‌లో పుట్టాడు, అప్పటికి ఇరవై ఒకటో ఏడు. చవగ్గా దొరికాడు కాబట్టి తీసుకున్నారు. ఎందుకు చవగ్గా దొరికాడన్నది మనవాళ్ళందరూ వినాల్సిన కథ. ఈ కుర్రాడు 1968లో మార్వెల్‌లో పనిచేద్దామని స్నేహితుడితో కలిసి న్యూయార్క్ వచ్చేశాడు. పని దొరికింది, ఉండడానికి గది దొరకలేదు. ఎక్స్-మెన్ 53వ సంచిక కొంత పార్కు బెంచీల మీద కూర్చుని గీశాడంటారు. వర్క్ పర్మిట్ లేదు. ఇమిగ్రేషన్ వాళ్ళు పట్టుకుని దేశం వదలమన్నారు. ఇంగ్లండు వెళ్ళిపోయాడు. 1970 అక్టోబరు తేదీతో వచ్చిన 'కోనన్ ద బార్బేరియన్' మొదటి సంచికకి పెన్సిల్ బొమ్మలు అక్కణ్ణుంచే గీసి పంపాడు. అమెరికా కామిక్స్‌లో ఒక కొత్త దారి తెరిచిన పుస్తకం, స్టేటస్ పోయి ఇంటికెళ్ళిన కుర్రాడు పోస్టులో పంపిన బొమ్మలతో మొదలయిందన్నమాట. హెచ్-1బి స్టాంపింగ్ కోసం వెళ్ళి, కాగితాలు రాక, అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని రాత్రిళ్ళు మీటింగుల్లో పాల్గొన్నవాళ్ళు మనలో ఎందరున్నారో మీకే తెలుసు.

మొదటి సంచికలు చూస్తే అంత గొప్పగా ఏమీ లేవు, నిజం చెప్పాలి. కోనన్ తలమీద కొమ్ముల టోపీ, మెడలో పెద్ద గొలుసు, ఇంకా సూపర్‌హీరో భంగిమలే. అమ్మకాలు కూడా సంచిక సంచికకీ తగ్గుతూ వచ్చాయి. ఒక దశలో ఆపేద్దామని కూడా అనుకున్నారు, థామస్ బతిమాలి నిలబెట్టాడు. ఆ తర్వాత జరిగింది మాత్రం కామిక్స్‌లో అరుదు. ఒక కుర్రాడు నెలనెలా అందరి కళ్ళముందే నేర్చుకుంటూ పోయాడు. పాత ఇంగ్లీషు ప్రి-రాఫెలైట్ చిత్రకారుల పద్ధతి అతని గీతలోకి వచ్చింది. ఆకులు, నగలు, తివాచీలు, గోడమీద చెక్కడాలు, ఏదీ వదిలిపెట్టేవాడు కాదు. 1973 మార్చి తేదీతో వచ్చిన 24వ సంచిక నాటికి మొదటి సంచిక గీసింది ఈ చెయ్యేనా అనిపిస్తుంది. అంత శ్రద్ధ నెలవారీ గడువులో ఇమడదు కదా. ఆ సంచికతో ఈ నెలవారీ కోనన్ వదిలేశాడు. బుసెమా కోనన్‌ని ఎంత గీశాడో తెలుసుగానీ, బారీ స్మిత్ ఇంకో పదేళ్ళు తీరిగ్గా గీసి ఉంటే ఎలా ఉండేదన్నది మాత్రం ఊహకే వదిలేయాలి. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద నష్టం ఇదే.

25వ సంచిక నుంచి బుసెమా వచ్చాడు. పత్రిక అప్పటికి నిలదొక్కుకుంది, ఆయన రేటు ఇవ్వగలిగారు. మధ్యలో కొన్ని విరామాలతో 1987 దాకా గీశాడు. కోనన్ అనగానే ఇప్పుడు చాలామందికి కనిపించే మొహం ఆయనదే. గిల్ కేన్‌కి కూడా 1972లో రెండు సంచికలు, తర్వాత ఇంకొన్ని దక్కాయి. కోనన్ చేజారిన వెంటనే మాత్రం ఆయన ఊరికే కూర్చోలేదు. 1971లో 'బ్లాక్‌మార్క్' అని తన సొంత కత్తి వీరుణ్ణి తయారుచేసి, బ్యాంటమ్ వాళ్ళచేత చిన్న పుస్తకంగా వేయించాడు. కామిక్స్ కొట్లలో కాకుండా పుస్తకాల కొట్లలో అమ్మే బొమ్మల నవల ఆ రోజుల్లో ఎవరూ వినని మాట. కొనేవాళ్ళు కూడా దాన్ని ఎక్కడ వెతకాలో తెలియక కొనలేదు.

ఇంక అసలు గీయనే గీయనివాళ్ళలో అందరికన్నా పెద్దాయన ఫ్రాంక్ ఫ్రజెట్టా. ఇందాక చెప్పిన లాన్సర్ పుస్తకాలకి అట్టబొమ్మలు ఈయనవే. 1966లో వచ్చిన 'కోనన్ ది అడ్వెంచరర్' అట్ట చూసినవాళ్ళు మర్చిపోలేరు. కుప్పగా పడిన శవాల మీద, కత్తి నేలకి ఆనించి నిలబడ్డ చీకటి మనిషి, కాళ్ళ దగ్గర ఒక అమ్మాయి. ఆ బొమ్మ తర్వాత కోనన్‌ని గీసిన ప్రతివాడూ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా దానికి అప్పుపడ్డవాడే. తాను ఆ కథలు చదవలేదని ఆయనే తర్వాత చెప్పాడు, అది వేరే విషయం. మన చందమామకి వడ్డాది పాపయ్య గారి అట్టలు ఎలాగో, కోనన్‌కి ఫ్రజెట్టా అట్టలు అలాగ. లోపల కథ మర్చిపోయినా అట్ట మర్చిపోం. కానీ కామిక్స్‌లో కోనన్‌ని ఫ్రజెట్టా ఒక్క పేజీ కూడా గీయలేదు.

చేతకాక కాదు. ఆయన మొదలైందే కామిక్స్‌లో. 1952లో 'థన్‌డా' అనే అడవి వీరుడి మొదటి సంచిక మొత్తం తానే గీశాడు. తర్వాత ఏళ్ళ తరబడి ఆల్ క్యాప్ 'లిల్ ఆబ్నర్' స్ట్రిప్‌లో తెరవెనక గీశాడు, పేరు క్యాప్‌ది. అక్కణ్ణుంచి బయటపడ్డాక ఆయనకి లెక్క బాగా అర్థమైంది. కామిక్స్ అంటే నెలకి ఇరవై పేజీలు, పేజీకి ఇంత అని కూలి, గీసిన కాగితం కంపెనీ దగ్గరే. అట్ట అంటే ఒక్క బొమ్మ. డబ్బు ఎక్కువ, పైగా అచ్చు వేసుకున్నాక అసలు బొమ్మ నాకు తిరిగి ఇచ్చేయాలని ఆయన పట్టుబట్టేవాడు. ఆ పట్టుదల విలువ తర్వాత తెలిసింది. 'కోనన్ ద కాంకరర్' అట్ట అసలు బొమ్మ 2009లో పది లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. 'ఈజిప్షియన్ క్వీన్' అనే ఇంకో అట్టబొమ్మ 2019లో 54 లక్షల డాలర్లు పలికింది. కోనన్ కామిక్స్ ఎందుకు గీయలేదని ఆయన్ని తప్పుపట్టగలమా? నేనైతే పట్టలేను, పాఠకుడిగా ఎంత నష్టపోయినా సరే.

కాగితం ఎవరి దగ్గర ఉంటుందన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. జాక్ కర్బీ సంగతి చూడండి. మార్వెల్ పెద్ద వీరుల్లో సగంమందికి రూపం ఇచ్చిన మనిషి. కోనన్ వచ్చిన 1970లోనే విసిగిపోయి డీసీ కంపెనీకి వెళ్ళిపోయాడు. కోనన్ కథ ఒక్కటి కూడా గీయలేదు. 1984లో మార్వెల్ పాత బొమ్మలు తిరిగి ఇస్తామంటూ మిగతావాళ్ళకి ఒక పేజీ కాగితం సంతకానికి పంపింది. కర్బీకి మాత్రం నాలుగు పేజీలు పంపింది, ఆ వీరుల మీద నాకే హక్కూ లేదని రాసివ్వమని. పెద్ద గొడవైంది. 1987లో ఆయన చేతికొచ్చినవి దాదాపు రెండు వేల పేజీలు. గీసినవి పది వేలకి పైనే. ఇక కత్తి వీరుడి సరదా ఆయనకి తీరింది కామిక్స్‌లో కాదు, టీవీలో. 1980లో వచ్చిన 'థండార్ ద బార్బేరియన్' కార్టూన్‌లో ముఖ్యపాత్రలకి రూపం ఇచ్చింది ఆలెక్స్ టాత్. మాంత్రికులు, రాక్షసులు, మిగతా లోకమంతా కర్బీ. శనివారం ఉదయం పిల్లలు చూసే కార్టూన్ కోసం ఇద్దరు మహామహులు పనిచేశారు, పిల్లలెవరికీ వాళ్ళ పేర్లు తెలియవు.

ఇప్పుడు నా డాలరు పత్రికలోని మూడో పేరుకి వస్తాను. ఎక్కువసేపు చెప్పాలనుకున్నది ఈయన గురించే.

కామిక్స్‌లో పని విడదీసి చేస్తారు. ఒకరు పెన్సిల్‌తో గీస్తారు, ఇంకొకరు దానిమీద ఇంకు వేస్తారు, మాటలు రాసేవాళ్ళు వేరు, రంగులు వేరు. 1974లో మొదలైన 'సావేజ్ స్వోర్డ్' పత్రికకి రంగుల్లేవు కాబట్టి ఇంకు వేసేవాడి మీదే భారం ఎక్కువ. బుసెమా వేగంగా మనుషుల కదలిక మాత్రం గీసి ఇచ్చేవాడు. బట్టలు, గోడలు, నీడలు, మబ్బులు, అన్నీ ఇంకు వేసేవాడు నింపాలి. ఆ పని చేసినవాళ్ళలో ముఖ్యులు ఫిలిప్పీన్స్ చిత్రకారులు. 1970ల మొదట్లో టోనీ డిజునిగా అనే ఫిలిపీనో చిత్రకారుడు తమ దేశంలో ఎంత గొప్ప గీతగాళ్ళున్నారో చెబితే, డీసీ కంపెనీ పెద్దలు మనీలా వెళ్ళి పరీక్షించి పని ఇచ్చారు. తర్వాత మార్వెల్ కూడా. గీత అద్భుతం, పేజీ రేటు అమెరికావాళ్ళ రేటుకన్నా తక్కువ. డిజైను ఇక్కడ, మిగతా పని అక్కడ, సరుకు పోస్టులో. దీనికి ఆఫ్‌షోర్ అనే పేరు అప్పటికి రాలేదు, అంతే తేడా.

ఆల్ఫ్రెడో అల్కలా 1925లో పుట్టాడు. సహాయకులెవర్నీ పెట్టుకోకుండా ఒక్కడే అన్నీ చేసుకునేవాడు. మాటిమాటికీ ఇంకులో ముంచే పని తప్పుతుందని, ఫౌంటెన్ పెన్నుకి కుంచె బిగించినట్టు ఒక సాధనం కూడా సొంతంగా తయారుచేసుకున్నాడు. 1963లో, అంటే మార్వెల్ కోనన్‌కి ఏడేళ్ళ ముందే, ఆయన తన దేశంలో వోల్టార్ అనే కత్తి వీరుణ్ణి సృష్టించాడు. కొమ్ముల శిరస్త్రాణం, వందలమంది సైనికులతో నిండిపోయిన యుద్ధాలు, ఒక్కొక్కరి కవచం విడివిడిగా గీసి ఉంటుంది. ఒక్క పేజీ చూస్తే చాలు, నెలరోజులు పట్టి ఉంటుందనిపిస్తుంది. అక్కడివాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. అమెరికా పాఠకులకి మాత్రం ఆ సంగతి తెలియదు. వాళ్ళకి అల్కలా అంటే బుసెమా కోనన్‌కి ఇంకు వేసే ఆయన. వోల్టార్ ఇక్కడ అచ్చయింది 1970ల చివర్లో, వారెన్ కంపెనీ పత్రికల్లో. అప్పటికి ఆయన 1976లో న్యూయార్క్ వచ్చేసి ఉన్నాడు. వచ్చినవాళ్ళు కూడా, ఇదేదో కోనన్‌ని చూసి గీసినట్టుందే అనుకుని ఉంటారు. ఏది ముందో ఎవరు చెప్తారు?

ఇందులో ఇంకో మెలిక ఉంది. తన పెన్సిల్ గీతలమీద అల్కలా వేసిన ఇంకు బుసెమాకి నచ్చలేదు. గీత బాగోలేదని కాదు, తన గీత కింద కప్పడిపోయిందని. ఆయనే ఇంటర్వ్యూల్లో ఆ మాట చెప్పాడు. ఆయన బాధ ఆయనది, అది అబద్ధం కాదు. కానీ నేను డాలరు పెట్టి కొన్న ఆ పత్రికలో నన్ను నిలబెట్టేసింది రాళ్ళమీది నీడ. అది అల్కలాది. తన సొంత లోకం ఒకటి తలలో పెట్టుకుని ఇంకొకరి లోకానికి గోడలు కట్టిన మనిషి, కడితే కొంచెం ఎక్కువే కడతాడు మరి.

ఫిలిపీనోల్లో ఇంకొకాయన ఎర్నీ చాన్. నెలవారీ కోనన్‌లో బుసెమాకి ఎన్నో సంచికలు ఇంకు వేశాడు. పాత సంచికలు తీస్తే ఆ పేరు కనిపించదు, ఎర్నీ చువా అని ఉంటుంది. ఇద్దరు వేర్వేరు మనుషులని నేను చాలాకాలం అనుకున్నాను. అసలు సంగతి, పుట్టినప్పటి సర్టిఫికెట్లో పేరు తప్పు పడింది. అమెరికా వచ్చాక కాగితంలో ఏముందో అదే పేరు. 1976లో పౌరసత్వం వచ్చాకే తన పేరు తనకి దక్కింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు, సొంతపేరు తారుమారై, వీసా మీద ఎఫ్.ఎన్.యు. అని పడి, డ్రైవింగ్ లైసెన్సు దాకా ఆ ముద్ర మోసిన మన మిత్రులకి ఈ చాన్ గారు చుట్టం లాంటివాడు.

ఇదంతా నాకెందుకు ఇంత పట్టిందో కూడా చెప్పేస్తాను. మా పిన్ని కొడుకు విజయవాడలో ఉంటాడు, నాకన్నా ఆరేళ్ళు చిన్న. బొమ్మలు అద్భుతంగా వేసేవాడు. నాకు మొదటి ఉద్యోగం వచ్చిన ఏడాది ఇద్దరం కలిసి ఫోనులో ఆడే ఒక చిన్న ఆట మొదలుపెట్టాం. తాతయ్య ట్రంకుపెట్టెల్లోంచి వచ్చిన లోకమే, కత్తి పట్టిన ఒకడు, మంత్రదండం పట్టిన ఒకడు. వాడు బొమ్మలు, నేను కోడ్. రెండు అంకాలు పూర్తయ్యాక, అందరికీ పంపిద్దాం అనుకున్నప్పుడు నాకు ఉద్యోగంలో చేరేరోజు సంతకం పెట్టిన కాగితం గుర్తొచ్చింది. ఉద్యోగకాలంలో నేను తయారుచేసేవి కంపెనీవే అనే షరతు అందులో ఉంది. అడిగితే నయమని అడిగాను. మూడు వారాల తర్వాత వద్దనే జవాబొచ్చింది, మర్యాదగానే. వీసా మీద ఉంటూ దానిమీద పైసా సంపాదించడానికి ఎలాగూ లేదని ఇంకో మిత్రుడు చెప్పాడు. మా వాడికి ఫోన్ చేసి చెబితే, "పోనీలే అన్నయ్యా, గ్రీన్‌కార్డు వచ్చాక చూద్దాం" అన్నాడు. పదేళ్ళవుతోంది. నేను ఇంకా క్యూలోనే ఉన్నాను. వాడు బ్యాంకు ఉద్యోగంలో చేరి బొమ్మలు మానేశాడు. మూడో అంకంలో రావాల్సిన రాతికోటని వాడు పెన్సిల్‌తో గీసి ఫోటో తీసి పంపాడు. అదొక్కటి నా దగ్గరుంది.

అమెరికాలో 1976లో చేసిన కాపీరైటు చట్టం 1978 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. నీ పని కూలికి చేసిందేనని రాతపూర్వకంగా ఒప్పుకోమంటూ మార్వెల్ ఆ ఏడే తన చిత్రకారులకి కాగితాలు ఇచ్చింది. నీల్ ఆడమ్స్ అనే చిత్రకారుడు అందర్నీ కూడగట్టి సంఘం పెట్టబోయాడు. అది నిలవలేదు, చాలామంది సంతకాలు పెట్టేశారు. ఇంటి అద్దె కట్టాలి కదా. సంతకం పెట్టినవాళ్ళని తేలిగ్గా చూసే హక్కు నాకైతే లేదు, నేనూ పెట్టాను. ఫ్రజెట్టా పెట్టనవసరం లేకుండా తప్పించుకున్నాడు. అల్కలాకి అంత బేరమాడే బలం లేదు. ఆయన 2000లో కాలిఫోర్నియాలో పోయాడు.

కోనన్‌కి మాత్రం ఏ లోటూ లేదు. మార్వెల్ నెలవారీ పత్రిక 275 సంచికలు నడిచి 1993లో ఆగింది, 'సావేజ్ స్వోర్డ్' 235 సంచికలు నడిచి 1995లో. తర్వాత హక్కులు డార్క్ హార్స్ కంపెనీకి వెళ్ళాయి, 2019లో మళ్ళీ మార్వెల్‌కి వచ్చాయి, 2023 నుంచి టైటన్ కంపెనీ వేస్తోంది. ఆ పాత కథల్ని లావుపాటి సంపుటాలుగా మళ్ళీ అచ్చువేశారు కూడా. ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే నా సలహా, బారీ స్మిత్ సంచికలు వరసగా చదవండి, మొదటివి బాగోలేదని ఆపకండి. ఆ తర్వాత 'సావేజ్ స్వోర్డ్'లో బుసెమా, అల్కలా ఇద్దరి పేర్లూ ఉన్న కథ ఏదైనా తీసి, మనుషుల్ని వదిలేసి వెనక గోడల్ని చూడండి. వోల్టార్ దొరకడం కష్టం. పాత వారెన్ పత్రికలు అమ్మేవాళ్ళ దగ్గర ఓపిగ్గా వెతకాలి.

ఫ్రజెట్టా బొమ్మలు చూడాలంటే పెన్సిల్వేనియాలో ఈస్ట్ స్ట్రౌడ్స్‌బర్గ్ దగ్గర ఆయన కుటుంబం నడిపే మ్యూజియం ఉంది. న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకి ఒక శనివారం పని. ఏడాది పొడుగునా తెరిచి ఉండదు కాబట్టి బయల్దేరే ముందు వేళలు కనుక్కోండి. పులిహోర కట్టుకెళ్ళడం మర్చిపోకండి, పోకనోస్ కొండలు ఆ పక్కనే.